జనవరిలో ఆగిపోయిన హిమాయత్‌సాగర్

అందరికీ నమస్కారం. పగలు కోడ్ రాసే మనిషి రాత్రిపూట సైన్స్ ఫిక్షన్ నవల ఎందుకు రాస్తున్నట్టో చెప్పమని నన్ను పిలిచారు. దానికి నా జవాబు మా నానమ్మ దగ్గర మొదలవుతుంది.

నానమ్మ ప్రభవ నామ సంవత్సరంలో పుట్టింది. అంటే 1927. 1987 ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణం విని ఇంటికొచ్చి, "మళ్ళీ ప్రభవ వచ్చింది" అంది. నాకప్పుడు ఏడేళ్ళు. "అయితే నీకు మళ్ళీ ఒకటో ఏడా?" అని అడిగాను. నవ్వి, "ఇది ఆ ప్రభవ కాదు, ఇంకో ప్రభవ" అంది.

అరవై పేర్లు అయిపోగానే మళ్ళీ మొదటి పేరు వస్తుంది. అది ఏ ప్రభవో ఆ పేరు చెప్పదు, చుట్టూ ఉన్న మనుషులు చెప్పాలి. ఎవరి పెళ్ళయిన ఏడు, ఎప్పటి వరద, అప్పటికి పెద్దాయన ఉన్నారా పోయారా, ఇలా లెక్క తేలుస్తారు. లెక్క చుట్టు తిరిగి మొదటికి వచ్చినందుకు మనవాళ్ళు భయపడలేదు. షష్టిపూర్తి అని పేరు పెట్టి పండగ చేసుకున్నారు.

యంత్రానికి అలా పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉండడు. మెమరీ బాగా ఖరీదైన రోజుల్లో ప్రోగ్రామర్లు ఏడాదిని రెండంకెల్లో దాచారు. 1975 అంటే 75. మరి 00 వస్తే అది 1900నా, 2000నా? అదీ నానమ్మ చెప్పిన ఏ ప్రభవ అన్న ప్రశ్నే. 1998లో మా అన్నయ్య అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాడు. ఆ నవంబరులోనే సైబర్ టవర్స్ మొదలైంది. జిరాక్స్ నోట్సు ముందేసుకుని అన్నయ్య నాకు ఆ రెండంకెల సంగతి చెప్పిన రాత్రి ఇప్పటికీ గుర్తుంది. ఆ రెండంకెలు సరిచేసే పని మీద ఎంతమంది విమానం ఎక్కారో మీ ఇళ్ళల్లోనూ తెలుసు.

ఇలాంటిదే ఇంకొకటి ముందుంది. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. పాత పద్ధతిలో ఆ లెక్కకి 32 బిట్లే, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గడులే కేటాయించారు. ప్లస్సా మైనస్సా చెప్పడానికి ఒక గడి పోగా, అందులో పట్టే పెద్ద సంఖ్య 2,147,483,647. ఆ సంఖ్య మన గడియారం ప్రకారం 2038 జనవరి 19న, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండిపోతుంది. పంచాంగం ప్రకారం పింగళ నామ సంవత్సరం. తర్వాతి సెకను ముందుకి వెళ్ళదు. సంఖ్య రుణాత్మకమై, తేదీ 1901 డిసెంబరు 14, తెల్లవారుజాము 2 గంటల 15 నిమిషాల 52 సెకన్లకి పోతుంది. కొత్త ఫోన్లకీ కంప్యూటర్లకీ 64 బిట్ల లెక్క వచ్చేసింది, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. నాకు బెంగ గోడల్లో, పంపుల్లో, మీటర్లలో బిగించేసి మనం మరిచిపోయిన చిన్న కంట్రోలర్ల గురించి, అంటే ఆ యంత్రాల్ని నడిపే బుల్లి కంప్యూటర్ల గురించి.

1901 అంటే హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోజులు. మూసీ వరద ఇంకా రాలేదు. అది 1908 సెప్టెంబరు 28న వచ్చి వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్పుకుంటాం. అలాంటి వరద మళ్ళీ ఊరి మీద పడకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య వేసిన ప్రణాళికలోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1927 అంటే మా నానమ్మ పుట్టిన ప్రభవే. ఆవిడా ఆ చెరువూ ఒక ఈడువాళ్ళు.

ఒకరోజు ఆఫీసులో తేదీల కోడ్ సరిచేస్తుంటే ఈ రెండూ నా తలలో కలిశాయి. హిమాయత్‌సాగర్ గేట్ల దగ్గర ఒక కంట్రోలర్ ఉందనుకోండి. దాని గడియారం 1901కి పోయింది. ఆ గడియారం లెక్కన అది కాపలా కాస్తున్న కట్టని ఇంకా ఎవరూ కట్టలేదు. నా నవల అక్కడ పుట్టింది. అసలు హిమాయత్‌సాగర్‌కి ఈ ప్రమాదం ఉందని నేను అనడం లేదు. ఆ కంట్రోలర్‌ని అక్కడ బిగించింది నేనే, కథ కోసం.

మొదటి ప్రతి చదివిన స్నేహితులందరూ ఒకటే మాట అన్నారు. 8:44 అవ్వగానే గేట్లు తెరుచుకోవాలి, ఊరు మునగాలి, అప్పుడే కథకి ఊపు వస్తుందన్నారు. నేను ఒప్పుకోలేదు. జనవరిలో హిమాయత్‌సాగర్‌ని నింపే ఈసీ వాగులో వరద ఎక్కణ్ణుంచి వస్తుంది? అంతకంటే పెద్ద కారణం, యంత్రాలు అలా చెడిపోవు. అది నాకు నా ఉద్యోగం నేర్పింది, కాస్త వివరంగా చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం గుంటూరు వైపు మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీకి మేం సాఫ్ట్‌వేర్ చూసేవాళ్ళం. ఒక రాత్రి ఆన్‌కాల్‌లో, అంటే ఏ సమస్య వచ్చినా ఫోన్ ఎత్తే డ్యూటీలో ఉండగా రెండింటికి ఫోన్ మోగింది. చేసింది అక్కడి వాచ్‌మన్. "అమ్మా, మూడ్రోజుల్నించీ తెర మీద 6 డిగ్రీలే ఉంది, లోపల మాత్రం చల్లగా లేదు" అన్నాడు. సాఫ్ట్‌వేర్ తన పనిని రాసుకునే లాగ్స్ చూస్తే ఒక్క ఎర్రర్ కూడా లేదు, లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. తెల్లారేసరికి గానీ విషయం తేలలేదు. ఒక చిన్న పరికరంలో గడియారం బ్యాటరీ అయిపోయి, తేదీ 1970 జనవరి 1కి పోయింది. అది ఉష్ణోగ్రత సరిగ్గానే కొలుస్తోంది, సరిగ్గానే పంపుతోంది, పైన తేదీ మాత్రం 1970 అని వేస్తోంది. మా దగ్గర తొంభై రోజులు దాటిన రికార్డుల్ని తుడిచేసే ప్రోగ్రాం ఒకటి ఉంది. వచ్చిన ప్రతి కొత్త లెక్కనీ అది పాతదనుకుని తుడిచేస్తోంది. తెర మీద చివరి మంచి లెక్క అలాగే నిలబడిపోయింది. ప్రతి ప్రోగ్రామూ తనకి చెప్పిన పని తప్పు లేకుండా చేసింది. ఆ తుడిచే ప్రోగ్రాం రాసింది నేనే. ఆ వాచ్‌మన్ తలుపు మీద చెయ్యి పెట్టి చూడకపోయి ఉంటే ఎన్ని బస్తాలు పాడయ్యేవో తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె గుబుక్కుమంటుంది.

అందుకే నా నవలలో 2038 జనవరి 19న ఏమీ జరగదు. పిల్లలు బడికి వెళ్తారు, మెహదీపట్నంలో ఎప్పటిలాగే బస్సులు నిండుతాయి. నీటిమట్టం లెక్కలు 1901 తేదీతో వస్తుంటాయి, వచ్చినవి వచ్చినట్టే తుడిచిపెట్టుకుపోతుంటాయి. తెర మీద జనవరి 19 నాటి మట్టం నిలబడిపోతుంది. మధ్యలో ఎండాకాలం వస్తుంది, పోతుంది. సెప్టెంబరులో ముసురు పడుతుంది. నిండు మట్టం 1763.5 అడుగులు. తెర మీద నీళ్ళు దానికి ఎంతో కింద, ప్రశాంతంగా ఉన్నాయి. అప్పుడు గేట్ల దగ్గర పనిచేసే యాదగిరి కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తాడు. "మేడం, ఈడ నీళ్ళు పైకొచ్చినయ్. మీ కంప్యూటర్ల ఇంకా సంక్రాంతే నడుస్తున్నది."

నవల మొత్తంలో నేను ఎక్కువసార్లు తిరగరాసింది ఆ రెండు వాక్యాలనే. యాదగిరి గోడ మీద గీసిన అడుగుల గుర్తులు చూస్తాడు. కంట్రోల్ రూములో ఉన్న అమ్మాయి తెర చూస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరూ కళ్ళతో చూసిందే చెబుతున్నారు. ఎవరి మాట నిలుస్తుంది అన్నదే నా కథ. మనుషుల్ని తీసేసి తెరలు పెట్టుకుంటూ పోతున్నాం కదా, రేపు ఆ ఫోన్ చెయ్యడానికి అక్కడ యాదగిరి ఉంటాడా అన్నది నా భయం. ఉంటాడనే రాశాను.

భాష గురించి ఒక మాట. సైన్స్ ఫిక్షన్ తెలుగులో కుదురుతుందా అని చాలామంది అడుగుతారు. 1896లోనే జగదీశ్ చంద్ర బోస్ ఒకవైపు రేడియో తరంగాల మీద ప్రయోగాలు చేస్తూ, సముద్రంలో పోసిన తలనూనెతో తుఫాను చల్లబడిందని బెంగాలీలో కథ రాశారు. జయంత్ నార్లికర్ ఖగోళశాస్త్రం చేస్తూ మరాఠీలో రాశారు. తుఫానులూ వరదలూ ఇంతగా ఎరిగిన మనకి కుదరకపోవడం ఏమిటి? "సర్వర్ డౌన్ అయింది", "రోల్‌బ్యాక్ చెయ్యండి" అని మాట్లాడుకునే మన పిల్లల మాటనే నేను రాశాను, కొత్త పదాలు పుట్టించలేదు.

మీకు గుర్తుండే ఉంటుంది, 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. చూడ్డానికి అది 'జ్ఞా'. లోపల కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంది, ఆ వరసని ఫోను గీయలేకపోయింది. కొద్దిరోజుల్లోనే యాపిల్ సరిచేసింది. జ్ఞానం, జ్ఞాపకం, రెండూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఆ వారమే నేను నవల మొదటి పేజీ రాశాను.

ఆ పేజీ ఇప్పుడు చదవను. సెప్టెంబరు వాన రాత్రి అధ్యాయం తెచ్చాను, పది నిమిషాలు పడుతుంది. యాదగిరి టార్చిలైటు పట్టుకుని మెట్లు దిగుతుండగా మొదలవుతుంది.