సిక్సర్ ఎవరు కొట్టారు, ఎవరికి తగిలింది?

శ్రోతలకు నమస్కారం. ఇవాళ క్రికెట్ నుంచి పుట్టిన ఇంగ్లిష్ జాతీయాల కబుర్లు.

కొన్నేళ్ల కిందట ఓ ఇంగ్లిష్ కథను తెలుగు చేస్తూ పప్పులో కాలేశాను. అందులో ఒకాయనకు అన్న పోయాడని టెలిగ్రామ్ వస్తుంది. 'ద న్యూస్ నాక్డ్ హిమ్ ఫర్ సిక్స్' అని ఉంది. సిక్స్ అనగానే నాకు ఈలలు, చప్పట్లు వినబడ్డాయి. ఇంకేముంది, అన్న పోతే తమ్ముడు పండగ చేసుకున్నాడని రాసేశాను. ఆస్తి గొడవలు ఉన్నాయి కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా!

తప్పెక్కడంటే, నేను బ్యాట్ పట్టుకున్నవాడి వైపు నిలబడ్డాను. ఆ జాతీయంలో మనిషి బ్యాట్స్‌మన్ కాదు, బంతి. వార్త వచ్చి బాదితే ఎగిరి బౌండరీ అవతల పడ్డాడు. నెత్తిన పిడుగు పడ్డట్టయిందని మనం అంటామే, అదీ సంగతి.

'ఆన్ ఎ స్టికీ వికెట్' అనేది ఇంకొకటి. ఇక్కడ వికెట్ అంటే పిచ్. పాత రోజుల్లో వాన పడినా పిచ్ మీద కవర్లు కప్పేవారు కాదు. తర్వాత ఎండ కాస్తే పైపొర ఆరేది, లోపల తడి అలాగే ఉండేది. ఒక బంతి పాదాల దగ్గరే జారిపోతుంది, అదే చోట పడ్డ ఇంకోటి మొహం మీదికి లేస్తుంది.

1950 డిసెంబరులో బ్రిస్బేన్ యాషెస్ టెస్టులో ఇదే జరిగింది. పిచ్ అలా ఉండగానే ఆస్ట్రేలియాను ఆడించాలని ఇంగ్లాండ్ 7 వికెట్లకు 68 పరుగుల దగ్గర డిక్లేర్ చేసింది, అంటే తన ఇన్నింగ్స్ తనే ఆపేసింది. ఆస్ట్రేలియా తక్కువ తిందా? రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లకు 32 దగ్గర తనూ డిక్లేర్ చేసి ఇంగ్లాండ్‌ను మళ్లీ అదే బురదలోకి దింపింది. చివరికి 70 పరుగుల తేడాతో గెలిచింది.

ఈ జాతీయానికి కొందరు 'అడకత్తెరలో పోకచెక్క' అని రాస్తారు. నాకు నచ్చదు. పోకచెక్కను రెండు వైపులా నొక్కుతారు, ఇక్కడ కాళ్ల కింద నేలే నమ్మకంగా లేదు. 'ఇరకాటంలో పడ్డాడు' అంటే చాలు.

'ఆఫ్ హిజ్ ఓన్ బ్యాట్' అంటే ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేశాడని. 'ఇట్స్ నాట్ క్రికెట్' అంటే అది పద్ధతి కాదని. ఈమధ్య మ్యాచ్‌లు చూస్తుంటే ఈ రెండోదానికి అర్థం చెప్పడం కాస్త ఇబ్బందిగానే ఉంది.

నిండుగా బతికి వెళ్లిపోయిన పెద్దాయన గురించి 'హీ హ్యాడ్ ఎ గుడ్ ఇన్నింగ్స్' అంటారు. మన దగ్గర ఇన్నింగ్స్ సినిమావాళ్లకు అంకితం. పెళ్లయ్యాక మళ్లీ నటించే హీరోయిన్‌ది సెకండ్ ఇన్నింగ్స్.

హ్యాట్రిక్ కథ కూడా అంతే. 1858లో షెఫీల్డ్‌లో స్టీఫెన్‌సన్ అనే బౌలర్ వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, చందాలు వేసి టోపీ కొనిచ్చారట. ఆ టోపీ ఇప్పుడు మూడు హిట్లు కొట్టిన హీరోకి, మూడోసారి గెలిచిన ఎమ్మెల్యేకి తిరుగుతోంది.

అద్దం అవతల నుంచి మా డ్యూటీ ఆఫీసర్ గారు గడియారం చూపిస్తున్నారు. మనం దుకాణం కట్టేశాం అనే చోట ఇంగ్లిష్‌వాళ్లు 'డ్రా స్టంప్స్' అంటారు, ఆట ముగిశాక స్టంపులు పీకేస్తారు కదా. నేనూ పీకేస్తున్నాను. సెలవు.