తెల్ల వెంట్రుకకు అద్దకం

అందరికీ నమస్కారం. ముందుగా ఈ బల్ల మీది రెండు గాజు గ్లాసులు చూడండి. రెండింటిలోనూ ఒకే తల నుంచి వచ్చిన తెల్ల జుట్టు కుచ్చులు, ఒకే గోధుమ రంగులో నానుతున్నాయి. కుడి గ్లాసులోని కుచ్చుకు మాత్రం రంగుకు ముందే ఇంకో పని చేశాను. అదేమిటో చివర్లో చెబుతాను.

మా నాయనమ్మ దువ్వెనకు వచ్చిన చిక్కును ఉండ చుట్టి గూట్లో దాచేది. పోగైన వాటితో సవరం కట్టించుకుంది. ఏళ్లు గడిచాయి, తల నెరిసింది, సవరం మాత్రం నెరవలేదు. జడ పైసగం వెండి, కిందిసగం కాటుక. పిల్లలం నవ్వుకునేవాళ్లం. ఈ విగ్గుల పనిలోకి వచ్చాక ఆ జడే నాకు రోజూ గుర్తొస్తోంది. పెట్టుడు జుట్టు నాణ్యమైనదే కావచ్చు, దాని వయసు ముఖం వయసుతో కలవకపోతే ఎదుటివాళ్ల చూపు సూటిగా అక్కడికే పోతుంది.

నెరిసిన జుట్టును బూడిద రంగు జుట్టు అంటాం. ఒక్కొక్క వెంట్రుకను విడదీసి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, బూడిద రంగుది దాదాపు దొరకదు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. కలిసి ఉన్నప్పుడు దూరం నుంచి కంటికి బూడిదగా తోస్తాయి. అందుకే మొత్తం జుట్టును బూడిద రంగులో ముంచితే అది ఉతికి వెలిసిన గుడ్డలా కనిపిస్తుంది. నూటికి పది తెల్లవా, ఇరవయ్యా, నలభయ్యా అని లెక్క కట్టి నల్లవాటిలో కలపాలి. అదీ తలంతా ఒకే లెక్క కాదు. మగవాళ్లకు సాధారణంగా చెంపల దగ్గర ముందు నెరుస్తుంది, తర్వాత మాడు, వెనుక భాగం ఆఖరున.

ఈ తెల్లవి ఎక్కడి నుంచి వస్తాయి? తిరుమల కల్యాణకట్టలో చేరిన తలనీలాలను పొడవును బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తారు, తెల్ల వెంట్రుకలది అందులో వేరే రకం. అయితే మనిషి తెల్ల జుట్టుకు ఒక అవలక్షణం ఉంది. ఎండకూ వేడికీ పసుపు తిరుగుతుంది. మన ఇళ్లలో తెల్ల పంచెకు నీలిమందు పెడతారు కదా, ఊదా రంగు షాంపూ చేసేదీ అదే పని. పసుపును ఊదా అణచేస్తుంది. కొందరు ఈ తలనొప్పి లేకుండా చమరీమృగం, అంటే జడలబర్రె వెంట్రుకలు వాడతారు. సవరం అన్న మాట ఆ మృగం తోకతో చేసే చామరం నుంచే వచ్చింది కాబట్టి, ఇది కొత్త పద్ధతేమీ కాదనుకోవచ్చు.

ఇంకొందరు తెల్లవాటి చోట సింథటిక్ పోగులు కలుపుతారు. అవి పసుపెక్కవు. కానీ జుట్టు రంగు వాటికి అంటదు. ఈ సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక రిటైర్డ్ మాస్టారు, కొడుకు పెళ్లికి నల్లగా చేసిపెట్టమని తన విగ్గు ఇచ్చారు. ఏ పోగులో చూసుకోకుండా మొత్తానికి రంగు పట్టించాను. కడిగి చూస్తే తెల్లవి తెల్లగానే ఉన్నాయి, పక్కనున్నవి ఇంకా నల్లబడి వాటిని మరీ ఎత్తి చూపాయి. పైగా వెంట్రుకలు ముడివేసే కింది లేసు జాలీకి రంగు పట్టి, పాపిట చోట మసి పూసినట్టు మిగిలింది. మాస్టారు ఒక్క మాట అనలేదు. పెళ్లికి తలపాగా చుట్టుకుని వెళ్లారు.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. రంగు వేయాల్సింది కుచ్చుకు, విగ్గుకు కాదు. జాలీకి ముడివేయక ముందే పని అయిపోవాలి. ఇది తలకు రంగు వేయడం కంటే నేతగాళ్లు నూలుకు అద్దకం వేయడానికి దగ్గర. తల మీది జుట్టుకు రంగు చెడితే మళ్లీ మొలుస్తుంది. కోసిన జుట్టుకు ఆ అదృష్టం లేదు.

నూలులాగే జుట్టులోనూ రకాలున్నాయి. దువ్వెన చిక్కుతో చేసిన సరుకులో మొదళ్లు, చివర్లు కలగాపులగంగా ఉంటాయి. అవి ఒకదానికొకటి పట్టుకోకుండా యాసిడ్ నీళ్లలో ముంచి పైపొలుసు తీసేస్తారు. అలాంటి జుట్టు రంగును గటగటా తాగేస్తుంది, అంతే తొందరగా వదిలేస్తుంది. పొలుసు చెడని తెల్ల వెంట్రుక అలా కాదు, మొండిది. దానికి రంగులో కలిపే పెరాక్సైడ్ ఇరవై వాల్యూమ్‌ది, అంటే 6 శాతానిది వాడతాను. యాసిడ్ తిన్నదానికి 3 శాతం చాలు. రెండూ ఒకే గిన్నెలో వేస్తే ఒకటి బొగ్గవుతుంది, ఇంకొకటి అలాగే ఉంటుంది.

చేతికి తొడుగు లేకుండా పని చేయకండి. చాలా రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు. పెట్టుకునేవారికీ అదే సమస్య: విగ్గు గంటల తరబడి చర్మాన్ని అంటుకునే ఉంటుంది కాబట్టి నీళ్లు తేటగా దిగేదాకా కడగాలి.

ఇక గ్లాసుల సంగతి. నల్ల జుట్టుకు రంగు వేసేటప్పుడు దానిలోని ఎరుపు ఛాయ మనకు తోడుంటుంది. తెల్ల జుట్టులో ఆ ఎరుపు లేదు. అందుకని కుడి కుచ్చుకు ముందు రాగి ఛాయ పట్టించి, దానిమీద గోధుమ వేశాను. ఎడమదానికి నేరుగా గోధుమే. రండి, దగ్గరికి వచ్చి వెలుతురులో పట్టుకుని చూడండి. కుడిది ఎండు కొబ్బరి పీచులా ఉంది. ఎడమదానిలో ఆ పచ్చదనం చూశారా, వానాకాలం గోడ మీది పాచిలాగా? ఇది ఏ ముఖం పక్కనా ఇమడదు. దీన్ని పారేయకుండా బాగుచేయడం ఎలాగో ఇప్పుడు చేసి చూపిస్తాను, ఆ రాగి రంగు గిన్నె ఇలా అందించండి.