కాగితానికి తడి తగలనివ్వకండి

శ్రోతలకు నమస్కారం.

ఒంగోలు నుంచి ఏ దారిన బయల్దేరినా సుబాబుల్, జామాయిల్ తోటలు కనబడుతూనే ఉంటాయి. నీళ్లు, కూలీలు చాలక మన ప్రకాశం రైతులు చాలామంది ఈ తోటలకు మళ్లారు. మూడు నాలుగేళ్లు పెంచి కొట్టిన కర్ర లారీలెక్కి రాజమండ్రికో, భద్రాచలం దగ్గరున్న సారపాకకో, అక్కడి పేపరు మిల్లులకు వెళ్తుంది. టన్ను రాత కాగితం తయారు కావాలంటే రెండు టన్నులకు పైగా కర్ర కావాలి. దాన్ని ఉడికించడానికి మందులు, బోలెడు నీళ్లు, కరెంటు వేరే. ఇంత చేస్తే వచ్చిన కాగితాన్ని మనం కూరగాయల తొక్కులతో కలిపి ఒకే బుట్టలో పారేస్తున్నాం. నాకు బాధ కలిగేది అక్కడే.

పొడిగా ఉన్న కాగితానికి ఆయుష్షు చాలా ఉంది. మిల్లులో నీళ్లు పోసి గుజ్జు చేసి, సిరా తీసేసి మళ్లీ కాగితం చేస్తారు. ఇలా ఐదారుసార్లు చేయొచ్చు. చేసిన కొద్దీ అందులో పీచు పొట్టిదవుతుంది కాబట్టి చివరికి గుడ్ల ట్రేల్లాంటి వాటికి పనికొస్తుంది. నూనె పీల్చిన కాగితం మాత్రం పనికిరాదు. ఆ జిడ్డు నీళ్లలో పోదు, మంచి గుజ్జును కూడా పాడుచేస్తుంది.

మా వీధికొచ్చే పాత పేపర్లాయన తూకం వేసే ముందు కట్ట మధ్యలోకి చెయ్యి దూర్చి చూస్తాడు. చెమ్మ తగిలిందా, "ఇది మిల్లుకి పోదమ్మా" అని పక్కన పెట్టేస్తాడు. నోటుబుక్కుల తెల్ల కాగితం, న్యూస్‌పేపర్లు, అట్టలు, మూడింటికీ మూడు రేట్లు. ఇంట్లోనే విడివిడిగా కట్టి ఉంచితే ఆయనకు శ్రమ తగ్గుతుంది, మనకూ నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. అట్టపెట్టెలకున్న టేపు పీకి, అణిచి పెట్టండి. కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చించకండి, చించితే పీచు తెగిపోతుంది.

తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయాలని ఘన వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. 2021లో మన పట్టణాల్లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు కూడా పంచారు. నీలం బుట్ట పొడి చెత్తకు. కొన్ని ఇళ్లలో అందులో బట్టలు పెట్టుకుంటున్నారు. దయచేసి దాన్ని మళ్లీ బయటకు తీయండి.

అసలు కాగితం తక్కువ వాడటం ఇంకా మంచిది. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక పిల్లల నోటుబుక్కులు తిరగేయండి, వెనక పేజీలు ఎన్ని ఖాళీగా ఉంటాయో! వాటిని తీసి, అంచులు సరిచేసి, దబ్బనంతో నాలుగు కుట్లు వేస్తే వచ్చే ఏడాదికి రఫ్ పుస్తకం రెడీ. ఆ పని పిల్లల చేతే చేయించండి. తను కుట్టుకున్న పుస్తకంలో పేజీ వృథా చేయడానికి పిల్లవాడికి మనసొప్పదు. ఒకవైపు ప్రింటున్న కాగితాలు సరుకుల చీటీలకు వాడుకోవచ్చు. కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు ఫోన్లో చూసుకుంటే చాలు.

న్యూస్‌పేపరు దాచమన్నాను కదా అని బజ్జీలు, పునుగులు అందులో పెట్టుకోకండి. సిరా తిండికి అంటుతుంది. అలా కట్టివ్వకూడదని ఆహార భద్రతా నిబంధనలూ ఉన్నాయి. టీ తాగే పేపరు కప్పుకు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లులకు రసాయనాల పూత ఉంటుంది. ఈ రెండింటినీ పాత పేపర్ల కట్టలో కలపకండి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎక్కువ. నేల మీద పెట్టిన కట్ట కింది నుంచి చెమ్మ లాగేసి బూజు పడుతుంది. అటక మీదో బల్ల మీదో పెట్టండి. దసరాకి ఇల్లు సర్దుకునేటప్పుడు పాతవన్నీ అమ్మేయండి. తుపాను కబురు వచ్చాక అయితే కొనేవాడూ రాడు.

సెలవు. నమస్కారం.