పందికొక్కుకి పదకొండు పాయింట్ల పైనే

అందరికీ నమస్కారం.

అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లీషు మాటలు కూర్చే ఆట, స్క్రాబుల్, నేను మొదలుపెట్టిన కొత్తలో, ఎదురుగా కూర్చున్న అబ్బాయి రెండు 'ఎ' బిళ్ళలు పక్కపక్కన పెట్టి నా వైపు చూశాడు. ఇదేం మాట, కాలు తొక్కితే అరిచే అరుపా అనుకుని ఛాలెంజ్ చేశాను. డిక్షనరీలో ఉంది! నా వంతు పోయింది. గరుగ్గా, పెళ్ళలు పెళ్ళలుగా గట్టిపడిన లావాని హవాయిలో అలా అంటారట. దాని మీద చెప్పుల్లేకుండా నడిస్తే నోటినుంచి వచ్చేది ఆ అరుపేగా! అంతే, మళ్ళీ మర్చిపోలేదు.

అర్థం తెలిసిన మాట బుర్రలో ఉంటుంది, తెలియనిది జారిపోతుంది. ఇది నా అనుభవం. దీన్ని కాదనే సాక్ష్యమూ ఉంది, దాచను. న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్, ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే పదాలు బట్టీపట్టి 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. సరే, ఆయన బుర్ర వేరు. నాకు పాల ప్యాకెట్ తెమ్మన్న సంగతే గుర్తుండదు.

అర్థంతో ఇంకో లాభం. 'ఎ' పక్కన 'ఐ' పెడితే ఇప్పుడందరికీ కంప్యూటరే గుర్తొస్తుంది. ఆటలో మాత్రం అది దక్షిణ అమెరికాలో చెట్లకి వేలాడే, మూడు గోళ్ళ సోమరి జంతువు. జంతువు అని తెలిసిందంటే చివర 'ఎస్' పెట్టొచ్చని తెలిసినట్టే.

ఇక అసలు టెన్షన్ 'క్యూ' అక్షరంతో. చేతిలో అది ఉంటుంది, 'యు' ఉండదు. దాని పక్కన 'ఐ' పెట్టండి. చైనావాళ్ళు ప్రాణశక్తిని 'చీ' అంటారు, అదే ఇది. క్యూకి పది పాయింట్లు, 'ఐ'కి ఒకటి. అక్షరం విలువని మూడురెట్లు చేసే గడిలో క్యూ పడి, అడ్డంగా, నిలువుగా రెండువైపులా ఇదే మాట కుదిరితే 62 పాయింట్లు! హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఇంకా సులువు. తలాక్, నిఖాబ్, ఫకీర్, ఖవ్వాలీ మనం రోజూ వినే మాటలే. ఇంగ్లీషులో వీటిని క్యూతో రాయొచ్చు, వెనక 'యు' అక్కర్లేదు. స్క్రాబుల్‌లో చెల్లే మాటల కాలిన్స్ జాబితాలో నాలుగూ ఉన్నాయి.

చివరగా నాకు బాగా ఇష్టమైన మాట, బ్యాండికూట్. మన పందికొక్కే! తెలుగునుంచే ఇంగ్లీషులోకి వెళ్ళింది. తర్వాత తెల్లవాళ్ళు ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉన్న, మూతి పొడుగాటి జంతువుని చూసి దానికీ ఈ పేరే తగిలించారు. మన పందికొక్కుకి దానితో చుట్టరికం లేదు. అక్కడితో ఆగలేదు. పైన ఆకులు, కాడ కదలకుండా మట్టిలో చెయ్యి పెట్టి బంగాళదుంపలు ఎత్తుకుపోవడాన్ని ఆస్ట్రేలియాలో 'బ్యాండికూట్ చేయడం' అంటారు. చేను పైకి పచ్చగా ఉంటుంది, కింద ఖాళీ. పందికొక్కులతో వేగిన మన రైతుకి ఈ క్రియ విడమర్చి చెప్పక్కర్లేదు. క్రియ కాబట్టి చివర 'ఈడీ', 'ఐఎన్‌జీ' కూడా పడతాయి.

చిక్కల్లా ఒకటే. తొమ్మిది అక్షరాల మాట, చేతిలో ఉండేవి ఏడు బిళ్ళలు. మిగతా రెండూ బోర్డు మీద ముందే సరైన చోట పడి ఉండాలి. నాకింతవరకు ఒక్కసారీ కుదరలేదు. బోర్డులు వెనక బల్లమీద ఉన్నాయి, పదండి.