కణత్వచం జల్లెడ కాదు

[దృశ్యం: పొయ్యి మీద పోపుగిన్నె. కాగిన నూనెలో చిటికెడు ఉప్పు, తరువాత ఇంగువ.]

నమస్కారం. బరంపురంలోని మన తెలుగిళ్ల పిల్లలు బడిలో ఒడియాలో ‘కోష’ అనీ, ఇంట్లో తెలుగులో ‘కణం’ అనీ అంటారు. పేరు ఏదైనా, దాని చుట్టూ ఉండే పలుచని పొర, అంటే కణత్వచం, చిన్నవాటిని పోనిచ్చి పెద్దవాటిని ఆపే జల్లెడ అనే పొరపాటును మాత్రం రెండు భాషల్లోనూ తడుముకోకుండా అప్పజెబుతారు. ఆ మాట వినీ వినీ నాకు విసుగెత్తింది.

ఈ గిన్నెలోకి చూడండి. హుమ్మా మళ్లలో పండిన ఈ ఉప్పు నూనెలో కరగక, రవ్వలు రవ్వలుగా అడుగున కూర్చుంది. ఇంగువ వేయగానే గుప్పుమని నూనెకంతటికీ వాసన పట్టింది. నిజానికి ఆ వాసననిచ్చే అణువులు ఉప్పులోని సోడియం అయాను, అంటే విద్యుదావేశం గల సోడియం పరమాణువు కంటే ఎంతో పెద్దవి.

సుమారు 7 నానోమీటర్ల మందం గల కణత్వచానికి నడిమి పొర కొవ్వు, అంటే ఈ పోపునూనె వంటిదే. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, స్టెరాయిడ్ హార్మోన్లు ఇంగువ జాతివి కనుక అందులో కలిసి దాటిపోతాయి. సోడియం, పొటాషియం, గ్లూకోజ్ ఉప్పు జాతివి. తమను అంటిపెట్టుకున్న నీటి అణువులను విడిచి కొవ్వులోకి దిగడం వాటికి సాధ్యం కాదు కనుక, ప్రోటీన్లతో ఏర్పడిన ద్వారాలు కావాలి.

నాకు అత్యంత ఇష్టమైనది పొటాషియం ద్వారం. అందులో పెద్దదైన పొటాషియం అయాను దాటుతుంది, చిన్నదైన సోడియం నిలిచిపోతుంది! ద్వారం లోపలి ఆక్సిజన్ పరమాణువులు పొటాషియానికి సరిగ్గా అమరే దూరంలో ఉండి, అది విడిచిన నీటి అణువుల లోటును తీరుస్తాయి. సోడియం మరీ చిన్నది కనుక వాటికి అందదు. 1998లో దీని నిర్మాణాన్ని చూపిన రోడెరిక్ మెకిన్నన్, నీటి ద్వారాలను కనుగొన్న పీటర్ ఆగ్రేతో కలిసి 2003లో నోబెల్ బహుమతి అందుకున్నారు. జల్లెడ అనేవారు ఈ ద్వారానికి ఏం జవాబు చెబుతారో నాకు తెలియదు.

సమయం మించిపోతున్నది, మిగిలినది క్లుప్తంగా చెబుతాను. ఇంతవరకు చెప్పినదంతా ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు, ఖర్చు లేకుండా జరిగేది. ఎదురెక్కించాలంటే కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీ ఖర్చవుతుంది: ఒక ఏటీపీతో సోడియం పంపు 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. అలా కణం లోపల సోడియం తక్కువగా ఉండడం వల్ల, పేగులోని సోడియం లోపలికి వస్తూ గ్లూకోజ్‌ను కూడా వెంటబెట్టుకొని వస్తుంది. వాటి వెనుకే నీరూ వస్తుంది. విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్‌ఎస్ పొడిలో గ్లూకోజ్‌ను రుచి కోసం కలపలేదు.