ఫెయిర్‌ఫోన్ చేతికొచ్చాక: మొదట వాడినవాళ్లు ఏం చూశారు?

[తెరపై: వెనక మూత తీసిన ఫోన్. ఒక చేయి బ్యాటరీని బయటికి తీస్తుంది.]

నమస్కారం. 2013లో యూరప్‌లో వేలమంది ఒక ఫోన్‌కి ముందే డబ్బు కట్టారు. ధర 325 యూరోలు. ఆ ఫోన్ అప్పటికింకా తయారు కాలేదు. తయారు చేస్తామన్న సంస్థ అంతకుముందు ఒక్క ఫోన్ కూడా చేసి ఎరగదు. 5,000 ఆర్డర్లు వస్తే ఉత్పత్తి మొదలుపెడతామని వాళ్లు చెప్పారు. చివరికి మొదటి విడతలో 25,000 ఫోన్లు చేయాల్సి వచ్చింది, అన్నీ అమ్ముడుపోయాయి.

ఆ ఫోన్ పేరు ఫెయిర్‌ఫోన్. గనిలో తవ్వే కూలీ దగ్గర్నుంచి ఫ్యాక్టరీలో భాగాలు బిగించే మనిషి దాకా, ఎవరికీ అన్యాయం జరగకుండా ఫోన్ చేయాలన్న ప్రయత్నం అది. దాని గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా గనుల కథ దగ్గరే ఆగిపోతారు. నేను ఆ తర్వాతి సంగతి చెప్పాలనుకుంటున్నాను. ఆ ఫోన్ జేబులోకి వచ్చాక, రోజూ వాడటం మొదలయ్యాక ఏమైంది? నైతికంగా చేసిన ఫోన్ అన్న మాట నిలబడిందో లేదో నిజంగా తేలేది అక్కడే అని నా అభిప్రాయం.

[తెరపై: పటం. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కాంగో, అక్కడి నుంచి చైనా.]

ముందు నేపథ్యం, క్లుప్తంగా. 2010లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇది ఒక ప్రచారోద్యమంగా మొదలైంది. మన ఫోన్లలో ఉండే లోహాలకీ, తూర్పు కాంగోలోని సాయుధ ముఠాలకీ ఉన్న సంబంధాన్ని జనానికి చెప్పడం దాని పని. తగరం, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం. ఈ నాలుగింటి గనులను గుప్పిట్లో పెట్టుకుని ముఠాలు డబ్బు సంపాదించేవి. తగరం లేకపోతే సర్క్యూట్ బోర్డు మీద భాగాలు అతకవు. టాంటలం కెపాసిటర్లలోకి, అంటే కరెంటును కాసేపు నిల్వ చేసే చిన్న చిన్న భాగాల్లోకి, వెళ్తుంది.

చెప్పడం వరకే అయితే ఏమీ మారదని, 2013 జనవరిలో బాస్ వాన్ అబెల్ అనే డిజైనర్ నాయకత్వంలో ఆ ఉద్యమం కంపెనీగా మారింది. ఇక్కడ వాళ్లు తీసుకున్న ఒక నిర్ణయం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఈ ఖనిజాలు కాంగో ప్రాంతం నుంచి వచ్చాయేమో కంపెనీలు వెల్లడించాలంటూ 2010లో అమెరికా తెచ్చిన చట్టం తర్వాత చాలా కంపెనీలు, గొడవెందుకని, కాంగో ఖనిజాన్నే కొనడం మానేశాయి. దానివల్ల ముఠాలతో ఏ సంబంధమూ లేని మామూలు కూలీలకు కూడా పని పోయింది. ఫెయిర్‌ఫోన్ మాత్రం కాంగో నుంచే కొంటామంది. దక్షిణ కివూ నుంచి తగరం, కటంగా నుంచి టాంటలం, ముఠాల చేతిలో లేని గనుల నుంచి, సంచి సంచికీ ట్యాగ్ వేసి తెప్పించింది. ఫోన్ బిగించింది చైనాలోని చోంగ్‌చింగ్‌లో. అక్కడి కార్మికుల సంక్షేమ నిధికి ప్రతి ఫోన్ మీదా ఫెయిర్‌ఫోన్ రెండున్నర డాలర్లు, ఫ్యాక్టరీ ఇంకో రెండున్నర డాలర్లు వేశాయి.

ఫోన్‌లోని లోహాలన్నీ ఇలా వచ్చాయని కాదు. మొదటి ఫోన్‌లో బంగారం సంగతి ఇంకా తేలలేదు. సంస్థ ఆ మాట దాచలేదు. 325 యూరోల్లో ఎంత ఎక్కడికి పోయిందో కూడా లెక్క రాసి బయటపెట్టింది.

[తెరపై: చిన్న పెట్టె తెరుచుకుంటుంది. లోపల ఫోన్, బ్యాటరీ. అంతే.]

2013 డిసెంబరు చివర్లో ఫోన్లు ఇళ్లకు చేరడం మొదలైంది. పెట్టెలో ఛార్జర్ లేదు, ఇయర్‌ఫోన్స్ లేవు. ఇంట్లో ఇప్పటికే ఒక ఛార్జర్ ఉంటుంది కదా, ఇంకోటి ఎందుకు చెత్తలో కలపడం అన్నది వాళ్ల లెక్క. ఈ రోజు అది వింత కాదు. అప్పట్లో వింతే.

ఫోన్ ఆన్ చేస్తే గూగుల్ యాప్‌లు లేవు. హోమ్ స్క్రీన్ మీద ఒక బటన్ ఉంటుంది, కావాలంటే దాన్ని నొక్కి మీరే వేసుకోవాలి. ఫోన్ రూట్ చేసే వచ్చేది. అంటే సిస్టమ్ లోపలి దాకా వెళ్లి మార్చుకునే హక్కు మొదటి రోజు నుంచే మీ చేతిలో ఉంటుంది. టెక్నాలజీ ఇష్టపడేవాళ్లు దీనికి మురిసిపోయారు. ఒక మామూలు ఫోన్, కాకపోతే న్యాయంగా చేసింది, కావాలని కొన్నవాళ్లు మాత్రం మొదటి గంటలోనే తికమకపడ్డారు. కొన్నవాళ్లలో ఈ రెండు రకాల మనుషులూ ఉన్నారు.

రెండు సిమ్‌లు వేసుకునే వీలుంది. బ్యాటరీ చేత్తో తీయొచ్చు. "పీస్ ఆఫ్ మైండ్" అని ఒక చిన్న సదుపాయం పెట్టారు. మీరు టైమ్ సెట్ చేస్తే అంతసేపు కాల్స్, మెసేజ్‌లు, నెట్ ఏవీ మిమ్మల్ని కదిలించవు. స్మార్ట్‌ఫోన్ అమ్ముతూ, కాసేపు దీన్ని పక్కన పెట్టండి అని చెప్పిన కంపెనీ అది.

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం.

[తెరపై: 16 జీబీ అని రాసిన పొడవాటి పట్టీ. అది ముక్కలవుతుంది: సిస్టమ్‌కి కొంత, యాప్‌లకు సన్నటి ముక్క, మిగతాదంతా ఫొటోలు, పాటలకు.]

ఫోన్‌లో 16 జీబీ స్టోరేజ్. ఆ రోజుల్లో సరిపోయేదే. కానీ దాన్ని లోపల గోడ కట్టి విడగొట్టారు. యాప్‌లు వేసుకోవడానికి సుమారు 1 జీబీ. ఫొటోలు, పాటలు, వీడియోలు పెట్టుకోవడానికి మిగతాది. ఏమయ్యేదంటే, ఒక మ్యాప్ యాప్, ఒక మెసేజింగ్ యాప్, ఇంకో నాలుగైదు వేసుకునేసరికి "స్థలం చాలదు" అని మెసేజ్ వచ్చేది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే పది జీబీ పైన ఖాళీగా కనిపించేది. ఖాళీ ఉంది, వాడుకోలేం. యాప్‌లకు అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసేయాలి. డబ్బు పెట్టి కొన్న మనిషికి రోజూ ఎదురయ్యే చికాకు ఇది.

కొందరు సర్దుకుపోయారు. మంచి ఉద్దేశంతో చేసిన ఫోన్ కదా, చిన్న సంస్థ కదా అనుకున్నారు. ఆ అభిమానం నాకు అర్థమవుతుంది. కానీ నేను గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్ల పక్షమే. ఎందుకో చెప్తాను. విసుగొచ్చిన ఫోన్‌ని జనం ఏడాదిన్నరకే సొరుగులో పడేస్తారు. అప్పుడు కాంగోలో అంత జాగ్రత్తగా ట్యాగ్ వేసి తెచ్చిన తగరం కూడా ఆ సొరుగులోకే పోతుంది. దాని బదులు కొనే కొత్త ఫోన్ కోసం మళ్లీ ఎక్కడో తవ్వాలి. కాబట్టి స్టోరేజ్ చాలట్లేదు అన్న ఫిర్యాదు చిన్న విషయం కాదు, గని దాకా వెళ్లే విషయం.

తర్వాత ఆ గోడ తీసేసి రెండు భాగాలనూ కలిపే టూల్ వచ్చింది. దాన్ని వాడితే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే బ్యాకప్ తీసుకోవాలి. అయినా చాలామంది ఆ పని చేసుకున్నారు, ఫోన్‌కి కొత్త ఊపిరి వచ్చింది.

రెండో సమస్యకు అలాంటి టూల్ ఏదీ లేదు.

[తెరపై: మూడు మెట్లు. పైన గూగుల్, మధ్యలో చిప్ కంపెనీ, కింద ఫోన్ కంపెనీ.]

ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ మీ ఫోన్‌కి ఎలా వస్తుందో ఒక్క నిమిషం చూద్దాం. గూగుల్ కోడ్ విడుదల చేస్తుంది. కానీ ఆ కోడ్‌కి మీ ఫోన్‌లోని చిప్‌తో మాట్లాడటం రాదు. కెమెరా, సిగ్నల్, గ్రాఫిక్స్, వీటన్నిటికీ డ్రైవర్లు అనే చిన్న ప్రోగ్రాములు కావాలి. వాటిని రాసేది చిప్ చేసిన కంపెనీ. అది రాసిస్తేనే ఫోన్ కంపెనీ మిగతా పని చేయగలదు. అది ఆపేస్తే దాదాపు అన్నీ ఆగిపోతాయి.

మొదటి ఫెయిర్‌ఫోన్‌లో ఉన్నది మీడియాటెక్ అనే కంపెనీ చిప్, ఆండ్రాయిడ్ 4.2. పైగా ఆ ఫోన్ డిజైన్ ఫెయిర్‌ఫోన్ సొంతం కాదు. ఫ్యాక్టరీ దగ్గర అప్పటికే ఉన్న డిజైన్‌ని లైసెన్స్ తీసుకుని, కొన్ని మార్పులు చేయించి వాడుకున్నారు. చిప్ ఎంపికలో వాళ్ల చేతిలో ఉన్నది తక్కువ. వాడేవాళ్లు ఆండ్రాయిడ్ 4.4 ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నారు. సంస్థ ఏళ్ల తరబడి ప్రయత్నించింది. 2017లో ఇక కాదని చెప్పేసింది. స్పేర్ పార్టుల అమ్మకం కూడా అదే ఏడాది ఆగిపోయింది. పాత పార్టులు చేసేవాళ్లు పెద్ద పెద్ద ఆర్డర్లయితేనే తీసుకుంటారు. ఆ ఫోన్ మొత్తం అమ్ముడైందే సుమారు 60,000. వాటిలో పాడైన స్క్రీన్ల కోసం ఎవరు మెషీన్లు ఆన్ చేస్తారు?

ఇది విన్నవాళ్లలో చాలామందికి బాధ కలిగింది, న్యాయమే. ఎక్కువ కాలం వాడుకోవచ్చని నమ్మి కొన్నారు మరి. నాలుగేళ్లు కూడా నిండకుండానే పార్టులు దొరకని స్థితి.

[తెరపై: ఫెయిర్‌ఫోన్ 2. రెండు వైపులా లాక్‌లు జరిపితే స్క్రీన్ చేతికి ఊడి వస్తుంది.]

కానీ ఈ లోపలే, 2015 డిసెంబరులో రెండో ఫోన్ వచ్చింది. ఈసారి డిజైన్ వాళ్ల సొంతం. స్క్రీన్ పగిలితే స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, లాక్‌లు జరిపి లాగేయడమే. లోపల కెమెరా, మైకు, స్పీకరు విడివిడి ముక్కలు. ఏ స్క్రూ తీయాలో నీలి రంగు వలయాలతో గుర్తు పెట్టారు. ఐఫిక్సిట్ అనే మరమ్మతుల సంస్థ దానికి పదికి పది మార్కులిచ్చింది. మొదటి ఫోన్ వాడినవాళ్ల అనుభవం ఆ డిజైన్‌లో అడుగడుగునా కనిపిస్తుంది.

దాని కష్టాలు దానికీ ఉన్నాయి. ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేది. వెనక కవరు అంచులు ఊడిపోయేవి, పగిలిపోయేవి. కొందరి మాట కాల్‌లో అవతలివాళ్లకు వినిపించేది కాదు, మైకు సమస్య. ధర చూస్తే 525 యూరోలు. ఇవన్నీ భరించినవాళ్లు ఉన్నారు, వదిలేసినవాళ్లూ ఉన్నారు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. మైకు పాడైతే మైకు ఉన్న ముక్క ఒక్కటీ మార్చుకున్నారు. 2017లో మెరుగైన కెమెరా ముక్క వచ్చింది. రెండేళ్ల కిందట కొన్న ఫోన్‌లోనే 8 మెగాపిక్సెల్ తీసేసి 12 మెగాపిక్సెల్ పెట్టుకున్నారు. అప్పటికి మార్కెట్లో ఏ పెద్ద బ్రాండ్ వాడుతున్నవాళ్లకీ ఈ వీలు లేదు.

ఆ ఫోన్‌లోని చిప్‌కి దాన్ని చేసిన క్వాల్‌కామ్ కంపెనీ సపోర్ట్ ఆపేసినా, ఫెయిర్‌ఫోన్ బయటి డెవలపర్ల పనిని కూడా కలుపుకుని ఆండ్రాయిడ్ 10 దాకా తీసుకెళ్లింది. చివరి అప్‌డేట్లు 2023 మార్చిలో. ఏడేళ్ల పైమాటే. ఫోన్ తయారీలో పడే కాలుష్యమే దాని మొత్తం కాలుష్యంలో ఎక్కువ భాగం. అందుకే మూడేళ్లకు బదులు ఐదేళ్లు వాడితే ఏడాదికి పడే భారం దాదాపు 30 శాతం తగ్గుతుందని ఫెయిర్‌ఫోన్ల మీద జరిగిన అధ్యయనాలు లెక్కగట్టాయి.

చిప్ విషయంలో నేర్చుకున్న పాఠం 2023లో ఫెయిర్‌ఫోన్ 5లో బాగా తెలుస్తుంది. అందులో మామూలు ఫోన్ చిప్ వాడలేదు. పరిశ్రమల్లో వాడే పరికరాల కోసం క్వాల్‌కామ్ చేసే చిప్ తీసుకున్నారు. ఆ చిప్‌లకు సపోర్ట్ చాలా ఏళ్లు ఉంటుంది. స్పీడ్‌లో టాప్ ఫోన్లతో పోటీ పడదు. అయినా నేనైతే ఆ ఎంపికకే ఓటేస్తాను.

[తెరపై: 2025 నాటి ఆరో తరం ఫోన్. పక్కన పసుపుపచ్చ స్విచ్.]

2025 జూన్‌లో ఆరో తరం ఫెయిర్‌ఫోన్ వచ్చింది. ధర 599 యూరోలు, ఐదేళ్ల వారంటీ, 2033 దాకా సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇస్తామన్న మాట. పక్కనున్న పసుపుపచ్చ స్విచ్ జరిపితే ఫోన్ అవసరమైన కొన్ని యాప్‌లకు కుదించుకుపోతుంది. 2013లో "పీస్ ఆఫ్ మైండ్" అన్నదే ఇప్పుడు వేలికి తగిలే బటన్ అయింది.

అయిదో ఫోన్ కన్నా ఇది చిన్నది, తేలిక. చేతికి ఇమిడే సైజు కావాలన్నవాళ్లకు అది ఊరట. హెడ్‌ఫోన్ జాక్ మాత్రం లేదు. 2021లో నాలుగో ఫోన్‌లో తీసేసినప్పుడే వాడుతున్నవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వైర్ ఇయర్‌ఫోన్స్ ఏళ్ల తరబడి పనిచేస్తాయి, వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో చిన్న బ్యాటరీ చచ్చిపోతే మొత్తం చెత్తే. ఈ వాదనకి ఇప్పటిదాకా సరైన జవాబు రాలేదని నేననుకుంటున్నాను.

బ్యాటరీ సంగతీ అంతే. ఇంతకుముందు చేత్తో తీసేవాళ్లం, ఇప్పుడు స్క్రూలు విప్పాలి. ఫోన్ సన్నబడటానికి చెల్లించిన మూల్యం అది. పన్నెండు భాగాలు ఇంట్లోనే మార్చుకోవచ్చు, ఐఫిక్సిట్ మళ్లీ పదికి పది ఇచ్చింది, నిజమే. కానీ రోజు మధ్యలో ఛార్జ్ అయిపోతే రెండో బ్యాటరీ టక్కున వేసుకునే అలవాటు ఉన్నవాళ్లు ఏదో కోల్పోయారు. వాళ్లు ఆ మాట గట్టిగా చెప్పాలి.

మీరు ఇలాంటి ఫోన్ కొత్తగా కొని ఉంటే, మొదటి వారాల్లోనే అన్నీ వాడి చూడండి. రెండు సిమ్‌లూ వేసి కాల్ చేయండి, మైకు, స్పీకరు, కెమెరా, లొకేషన్ పరీక్షించండి. వెనక మూత ఒకసారి తీసి పెట్టండి, బ్యాటరీ మార్చడం ఎలాగో తెలుసుకోండి. లోపం కనిపిస్తే, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో, ఏం చేస్తుండగా వచ్చిందో రాసి సపోర్ట్‌కి పంపండి. ఉన్నట్టుండి ఆగిపోతోంది అని ఊరికే రాస్తే ఇంజినీర్‌కి ఏమీ దొరకదు. కాల్ మధ్యలో, ఛార్జింగ్ పెట్టి ఉండగా, ఫలానా అప్‌డేట్ తర్వాత అని రాస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.