పారామెడికల్ వేరు, పారామెడిక్ వేరు

(విజయవాడలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ఇందాక నన్ను పరిచయం చేసిన మాస్టారు, "మన గుంటూరు కుర్రాడు, లండన్‌లో పారామెడికల్ చేస్తున్నాడు" అన్నారు. తప్పు పట్టడం లేదు సార్, మా అమ్మ కూడా ఇప్పటికీ అలాగే చెబుతుంది. కానీ ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ ఒక్క మాట గురించే. మన దగ్గర పారామెడికల్ అంటే ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ అన్నీ కలిపి ఒకే గంప. అక్కడ పారామెడిక్ అంటే ఒక్కడే. అంబులెన్సులో వచ్చి, ఇంట్లోనో రోడ్డు మీదో పేషెంటును చూసి, అక్కడికక్కడే వైద్యం మొదలుపెట్టేవాడు. "అన్నా, డీఎంఎల్‌టీ చేశాను, ఇంగ్లండులో పారామెడిక్ ఉద్యోగం వస్తుందటగా" అని నెలకి నలుగురైనా వాట్సాప్ చేస్తారు. రాదు తమ్ముడూ. నీ ల్యాబ్ పనికి అక్కడ బయోమెడికల్ సైంటిస్ట్ అని వేరే పేరుంది, దానికి వేరే దారి ఉంది. ఈ తేడా ఎవరూ చెప్పక లక్షలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

నా సంగతి కొంచెం చెప్తాను. నేను బీజెడ్‌సీ డిగ్రీ. మార్కులు అడగొద్దు. 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా చేరాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సర్వీసు అది, నేను చేరేనాటికి పల్లెపల్లెకీ తెలిసిపోయింది. ట్రైనింగ్ రెండు నెలలు కూడా నిండలేదు, బండెక్కించేశారు. కాజా టోల్‌గేట్ దగ్గర యాక్సిడెంట్ అంటే మేమే, మిర్చి యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోస్తూ కుప్పకూలిన కూలీ అంటే మేమే. మెడకి కాలర్ వేయడం, విరిగిన చోట కదలకుండా స్ప్లింట్ కట్టడం, ఆక్సిజన్ పెట్టడం, కాల్ సెంటర్‌లో ఉన్న డాక్టరుగారికి ఫోన్ కలిపి ఆయన చెప్పింది చేయడం, పెద్దాస్పత్రికి పరిగెత్తించడం. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను. చేతులు అక్కడే తిరిగాయి. కాకపోతే ఆ ఐదేళ్లలో నేను సొంతంగా తీసుకున్న నిర్ణయాలు ఎన్ని అని లెక్కేస్తే వేళ్ల మీదికి కూడా రావు.

ఇక పారామెడిక్‌గా లండన్‌లో నా మొదటి నెల సంగతి. ఎనభై దాటిన ముసలావిడ, ఒంటరిగా ఉంటుంది. తలుపు తీసి, "ఐ హ్యాడ్ ఎ ఫన్నీ టర్న్, డియర్" అంది. ఏదో జోకు చెప్పబోతోంది కాబోలని నవ్వు మొహం పెట్టి నిలబడ్డాను. పక్కనున్న సీనియర్ నా మోచేయి గిల్లింది. ఫన్నీ టర్న్ అంటే కళ్లు తిరిగి పడబోవడం! ఐఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో ఇది రాదు.

సరే, కూర్చోబెట్టాం. షుగర్ చూశాం, పన్నెండు లీడ్ల ఈసీజీ తీశాం. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాం. నిలబడేసరికి బాగా పడిపోతోంది. మందుల డబ్బా తెమ్మంటే, వారం కిందట మొదలైన కొత్త బీపీ మాత్ర బయటపడింది. ఇంకేమీ తేడా లేదు. గుంటూరులో అయితే ఈపాటికి ఆవిడ స్ట్రెచర్ మీద ఉండేది. అక్కడ మేం ఆస్పత్రికి తీసుకెళ్లనే లేదు. ఆవిడ డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడి, మంచం మీంచి ఎలా నెమ్మదిగా లేవాలో చూపించి, ఏం జరిగితే మళ్లీ 999, అంటే అక్కడి అత్యవసర నంబరు, కొట్టాలో కాగితం మీద రాసిచ్చి, టీ తాగి వచ్చేశాం. టీ ఆవిడే పెడతానంటే మేం వద్దని, మేమే పెట్టాం.

ఆ కాగితం కింద సంతకం నాది. రాత్రికి ఆవిడకి ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది నేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పారామెడిక్‌కి మూడేళ్ల డిగ్రీ ఎందుకయ్యా అంటే ఇందుకు. సూది వేయడం, ట్యూబు వేయడం చేతికి అలవాటయ్యే పనులే. ఎవర్ని ఇంట్లో వదిలి రావచ్చో తేల్చుకోవడానికి మాత్రం అనాటమీ కావాలి, ఫార్మకాలజీ కావాలి, వందల గంటలు బండి మీద మరొకరి పక్కన నిలబడి చూడటం కావాలి. మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందు కూడా అక్కడ పారామెడిక్ డాక్టర్ని అడగకుండా ఇవ్వొచ్చు. చట్టమే ఆ అధికారం ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు.

అందుకే ఆ పేరుకి కాపలా ఉంది. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ (హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్) అనే సంస్థ రిజిస్టర్‌లో పేరు లేనివాడు పారామెడిక్ అని చెప్పుకుంటే నేరం. 2021 సెప్టెంబర్ నుంచి అక్కడ కొత్తగా మొదలయ్యే కోర్సు డిగ్రీ స్థాయిలో ఉండాల్సిందే. ఆస్ట్రేలియాలో 2018 డిసెంబర్ 1 నుంచి దేశమంతా ఒకే రిజిస్ట్రేషన్. నేను అక్కడ బ్రిస్బేన్‌లో పారామెడిక్ డిగ్రీ చదువుతుండగానే వచ్చింది, మా క్లాసులో కేక్ కోశారు.

బ్రిస్బేన్ ఎందుకంటే, బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలు ఈ కోర్సులో విదేశీ విద్యార్థుల్ని తీసుకోవు. శిక్షణ కోసం అంబులెన్సులో దొరికే సీట్లు వాళ్ల పిల్లలకే చాలవు. ఆస్ట్రేలియాలో తీసుకుంటారు, ఫీజు మాత్రం నడుం విరుగుతుంది. మా నాన్న యార్డులో కాటా గుమాస్తా. "అంబులెన్స్ మీద తిరగడానికి ఆస్ట్రేలియా దాకా ఎందుకురా, గుంటూర్లో లేదా అంబులెన్సు?" అన్నారు. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఎలాగో ఒప్పుకున్నారు, అది వేరే కథ.

108 అనుభవం ఉంది కదా, మొదటి ఏడాది మినహాయించమని అక్కడి యూనివర్సిటీని అడిగాను. కాగితాలు చూపించమన్నారు. నా దగ్గరున్నది మూడు లైన్ల సర్వీస్ సర్టిఫికెట్. వేల కేసులు చూశాను, కాగితం మీద ఒక్కటీ లేదు. తప్పు నాదే, ఎప్పుడూ రాసుకోలేదు. మీలో ఎవరైనా ఇక్కడ ఈఎంటీగా చేరితే, లేదా ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ చదువుతుంటే, ఇవాళే ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. తేదీ, కేసు ఏంటి, మీరేం చేశారు, ఎవరి పర్యవేక్షణలో చేశారు. పేషెంటు పేరు మాత్రం వద్దు. ఏ దేశానికి దరఖాస్తు పెట్టినా సిలబస్‌లో ఏ సబ్జెక్టుకి ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అని కాలేజీ చేత రాయించి పంపమంటారు. కాలేజీ వదిలిన పదేళ్లకి ఆ లెటర్ కోసం తిరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో గుంట ఉంది. ఆస్ట్రేలియాలో డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది, అక్కడి ప్రభుత్వ అంబులెన్సు సర్వీసులు చాలావరకు కొత్త గ్రాడ్యుయేట్ల ఉద్యోగాలకి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) గానీ పౌరసత్వం గానీ అడుగుతాయి. నాకు రెండూ లేవు. చేరేముందు ఎవరూ చెప్పలేదు, నేనూ చదవలేదు. ఆస్ట్రేలియా గ్రాడ్యుయేట్లని లండన్ ఏళ్ల తరబడి తీసుకుంటోందని తెలిసి, హెచ్‌సీపీసీకి దరఖాస్తు పెట్టి అటు వెళ్లాను. ఇంగ్లిష్ పరీక్ష రాయాల్సినవాళ్లకి ఐఎల్‌టీఎస్‌లో మొత్తం ఏడు రావాలి, ఏ విభాగంలోనూ ఆరున్నరకి తగ్గకూడదు.

మన 108లో బండి తోలే ఆయన్ని పైలట్ అంటాం. అక్కడ పైలట్ వేరే లేడు. ఒక షిఫ్టు నేను తోలతాను, ఒక షిఫ్టు నా జోడీ తోలుతుంది. దానికి సీ1 అనే లైసెన్సు కావాలి, మూడున్నర టన్నుల నుంచి ఏడున్నర టన్నుల దాకా బండ్లకి. నేను మొదటిసారి ఫెయిలయ్యాను. బెంజి సర్కిల్‌లో బండి నడిపినవాడికి ఎక్కడైనా నడపడం వచ్చనుకున్నాను. ఆ సర్కిల్‌లో నేర్చుకున్నదే కొంప ముంచింది. పక్క బండ్లకి నేను ఇచ్చిన గ్యాప్ చాలదన్నాడు ఎగ్జామినర్. నడుము సంగతి కూడా చూసుకోండి. లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి నూట పది కిలోల మనిషిని కుర్చీలో దించాలి, అదీ తెల్లవారుజామున నాలుగింటికి.

మిగతా దేశాల గురించి రెండు ముక్కలు. కెనడాలో ఏ ప్రావిన్సు రూలు ఆ ప్రావిన్సుదే. ఒంటారియోలో అయితే రెండేళ్ల కాలేజీ డిప్లొమా, ఆపైన ప్రావిన్సు పెట్టే పరీక్ష, అంబులెన్సు తోలడానికి క్లాస్ ఎఫ్ లైసెన్సు. అమెరికాలో ఈఎంటీ, పారామెడిక్ రెండూ వేరు మెట్లు. ఈఎంటీ కోర్సు సుమారు నూట యాభై గంటలు, పారామెడిక్‌కి వెయ్యి గంటలు దాటుతుంది, నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష రాయాలి. కోర్సు చిన్నదే గానీ వీసా దారి ఇరుకు. గల్ఫ్‌లో సర్టిఫికెట్లని డేటాఫ్లో అనే సంస్థ ద్వారా, అవి ఇచ్చిన కాలేజీ దగ్గరే తనిఖీ చేయిస్తారు, చాలాచోట్ల ప్రోమెట్రిక్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. కుటుంబం దగ్గర్లో ఉండాలి, అప్పు తొందరగా తీర్చాలి అనుకునేవాళ్లకి నేనైతే ముందు గల్ఫే చెప్తాను. నవ్వకండి, నిజంగానే.

కన్సల్టెన్సీల గురించి మాట్లాడొద్దనుకున్నాను గానీ మాట్లాడక తప్పదు. మా పిన్ని కొడుక్కి ఒక కన్సల్టెన్సీవాళ్లు "పారామెడిక్ డిప్లొమా, ఆరు నెలలు, యూకేలో గ్యారంటీ" అని రసీదు కూడా ఇచ్చారు. ఆ కోర్సు హెచ్‌సీపీసీ ఆమోదించిన కోర్సుల జాబితాలో ఉందా అని నేను ఫోన్‌లో అడిగితే, "సార్, అది ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. ఆ జాబితా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. వాడు కట్టిన డబ్బు ఇప్పటికీ ప్రాసెస్‌లోనే ఉంది.

రిజిస్టర్ కూడా అలాగే అందరికీ కనపడుతుంది. ఫోన్లు తీయండి, పర్లేదు, ఈ ఒక్కసారికి మాస్టారు ఏమీ అనరు. హెచ్‌సీపీసీ సైట్‌లో వృత్తి దగ్గర పారామెడిక్ ఎంచుకుని, బ్యానర్ మీదున్న నా ఇంటిపేరు కొట్టండి. దొరకలేదనుకోండి, వచ్చి ఈ మైకు లాగేసుకోండి.